మత్తు వ్యసనం: తౌబాతోపాటు చికిత్స

సర్వ స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు కురియుగాక. అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా!

మత్తు కలిగించే ప్రతి వస్తువూ హరామ్ అని మన పిల్లలకు కూడా తెలుసు. సూరహ్ మాయిదా 90వ ఆయత్ అవతరించిన తరువాత అందులో సందేహానికి తావు లేదు. అయితే ఇప్పటికే ఆ ఊబిలో దిగబడిన సోదరుణ్ణి బయటికి తెచ్చే మార్గమేమిటి? నేడు దానిని గురించి ఆలోచిద్దాం.

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో గుడుంబా, ఇప్పసారా, కల్తీ కల్లు, గంజాయి ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలగకుండా చేశాయి. దిక్కుతోచని ఇంటివారు తావీజు కట్టిస్తారు. తాగుడు మాన్పిస్తామనే వారివద్ద పొడి కొని, అతనికి తెలియకుండా కూరలో కలుపుతారు. లేదా గదిలో పెట్టి తాళం వేస్తారు. వారి కన్నీటిని మనం తప్పుపట్టము. కాని ఆ పొడిలో ఏమున్నదో అమ్మినవాడు చెప్పడు. డైసల్ఫిరామ్ అనే మాత్ర వేసుకున్న మనిషి మద్యం ముట్టుకుంటే వాంతులు, గుండెదడ కలుగుతాయి. ఒక్కొక్కసారి ప్రాణానికే ముప్పు. అందుకే వైద్యులు దానిని రోగికి వివరించి, అతని సమ్మతితోనే ఇస్తారు. చాటుగా మందు పెట్టడం మోసం, ప్రాణంతో చెలగాటం.

హఠాత్తుగా మాన్పించడమూ ప్రమాదమే. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్ వంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో కల్తీ కల్లుపై కట్టడి పెరిగినప్పుడు, మన పొరుగున ఉన్న నిజామాబాద్ జిల్లాలో ఎందరో వణుకుతో, మూర్ఛలతో, మతిచలించిన మాటలతో ఆసుపత్రులకు చేరారు. అది దయ్యం పట్టడం కాదు, శరీరం అలవాటుపడిన మత్తు ఒక్కసారిగా అందకపోవడం. రోజూ అధికంగా మద్యం తాగేవారికీ ఇదే గతి పట్టవచ్చు. కనుక రమజాన్ నెలవంక చూసి మానుదామనుకునే సోదరుడు షాబాన్‌లోనే వైద్యుణ్ణి కలవాలి. వ్యాధిగ్రస్తునికి ఉపవాసాలను తరువాతి దినాలలో పూర్తిచేసుకొనే సడలింపును అల్లాహ్ సూరహ్ బఖరా 184వ ఆయత్‌లో ప్రసాదించాడు. వైద్యుడు క్రమంగా తగ్గిస్తూ ఇచ్చే మందును మత్తుతో సమానంగా చూడరాదు, అది చికిత్స.

చికిత్స చేయించుకొమ్మని దైవప్రవక్త (సఅసం) మనకు బోధించారు. మద్యం తాగినందుకు శిక్ష పొందిన వ్యక్తిని ఒకరు శపించగా, తమ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడవద్దని వారించారు. మరి మనం? మానిన మనిషి మస్జిద్ మెట్లెక్కితే చూపులతోనే వెనక్కి పంపుతున్నాము. అతడు మళ్లీ కల్లు దుకాణానికే పోతే, ఆ పాపంలో మన భాగమెంత?

నమాజు, జిక్ర్, దుఆ మనసుకు బలమిస్తాయి. ఇషా తరువాత అతనితో కాసేపు కూర్చోవడం, పాత సావాసం నుండి తప్పించి పనిలో పెట్టడం మన వంతు. శరీరానికి పట్టిన వ్యాధిని చూడటం వైద్యుని వంతు. ఈ రెంటిలో ఒకటి చాలునని మరొకదానిని విడువరాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి అడగండి. వ్యసన విముక్తికి 14446, మానసిక సహాయానికి 14416 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

ఓ అల్లాహ్! వ్యసనపీడితులకు తౌబా భాగ్యాన్ని, స్వస్థతను ప్రసాదించు. వారి భార్యాబిడ్డల కన్నీరు తుడువు. మమ్మల్ని వారికి అడ్డుగోడలుగా కాక, ఆసరాగా నిలుపు. ఆమీన్.