డర్బీ ఓడిన మర్నాడు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9ని ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించింది. ఏటా ఈ రోజున మన యానాదుల చరిత్ర, భూమి, హక్కుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఈసారి మమ్మల్ని ఫుట్‌బాల్ గురించి మాట్లాడమన్నారు. మేము ఆటగాళ్లం కాదు. సాయంత్రం పూట గట్టు మీద కూర్చొని కేకలు పెట్టేవాళ్లం. ఈ మధ్య మేము చేసిన ఒక తప్పు గురించి మీ ముందు చెప్పాలని వచ్చాం.

మన పిల్లల జట్టు, ఉప్పుటేరు అవతలి గట్టు పిల్లల జట్టు ఆడిన ఆట మీలో చాలామంది చూశారు. ఇరుగు పొరుగు జట్ల మధ్య జరిగే ఆటను డర్బీ అంటారు. కోల్‌కతాలో మోహన్ బగాన్‌కు, ఈస్ట్ బెంగాల్‌కు ఉన్నట్టే మనకూ ఒక డర్బీ ఉంది. వాళ్లకు వేలమంది పట్టే మైదానం ఉంటే మనకు ఇసుక నేల, సరుగుడు గుంజల గోలు ఉన్నాయి. పట్టుదలలో మాత్రం తేడా లేదు. ఆ రోజు మనవాళ్లు మూడు గోల్స్ తేడాతో ఓడిపోయారు. ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయారు.

ఆట అయ్యాక గట్టు మీద మేము ఏమన్నామో గుర్తుందా? "ఒకటో నంబరువాడికి చేతులున్నాయా, లేవా?" అన్నాం. "వీళ్లకు అకాడమీ ఎందుకు, బూట్లు ఎందుకు, దండగ" అన్నాం. మాలో ఒకరైతే "మనోళ్ల బతుకు ఇంతే" అన్నారు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు పక్కనే బూట్ల తాళ్లు విప్పుకుంటూ ఆ మాటలన్నీ విన్నారు.

మర్నాటి నుంచి ఒకటో నంబరు, అంటే మన గోల్ కీపర్, ఆటకు రాలేదు. నాలుగు రోజులు చూసి మేమే వెతుక్కుంటూ పోయాం. వాడు రొయ్యల గుంట మీద కాపలా గుడిసెలో ఉన్నాడు. నాయనకు జ్వరమొస్తే ఆట ముందు రోజు రాత్రంతా ఏరియేటర్లు ఆగిపోకుండా వాడే కాపలా కాశాడంట. తెల్లారి సద్ది కూడా తినకుండా ఆటకొచ్చాడు. ఆ మాట మాకెవరికీ చెప్పలేదు. "ఎందుకు చెప్పలేదురా అబ్బయ్యా?" అని అడిగితే, "చెబితే సాకు చెప్తున్నానంటారు" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి మేము మళ్లీ కూర్చున్నాం. ఆ ఆటను మొదటి నుంచి గుర్తు చేసుకున్నాం. ఈసారి తిట్టడానికి కాదు, సరిగా చూడడానికి. పిల్లల పేర్లు చెప్పం, చొక్కా నంబర్లు చెప్తాం.

ఒకటో నంబరు. మూడు గోల్స్ వదిలాడు, నిజమే. మొదటిది కాళ్ల మధ్య నుంచి పోయింది. అది వాడి పొరపాటే. రెండోది తల మీదుగా పోయింది. ఇంకో రెండేళ్లకు వాడు ఎదిగితే ఆ బంతి చేతికి అందుతుంది. మూడోసారి వాడి ముందు మనవాడు ఒక్కడు కూడా లేడు, ముగ్గురు ఎదుటివాళ్లున్నారు. ఇవి కాక అయిదు బంతులు ఆపాడు. ఆ అయిదూ మాలో ఒక్కరూ లెక్కపెట్టలేదు. బొక్కలో చెయ్యిపెట్టి ఎండ్రకాయను కరవనివ్వకుండా పట్టే చేతులు వాడివి. బంతిని ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు గుద్ది పంపాలో నేర్పించడమే మిగిలింది.

నాలుగో నంబరు. జట్టులో అందరికంటే పొడగరి. మేమంతా వాడినే మెచ్చుకున్నాం. కానీ వాడు గెలిచిన బంతులన్నీ బలంతో గెలిచినవే. రెండేళ్లలో మిగతావాళ్లూ అంత ఎత్తు అవుతారు. అప్పుడు వాడికి చూపు, నిలబడే చోటు తెలియాలి. మా పొగడ్త వాడికి మేలు చెయ్యలేదు.

ఏడో నంబరు. గాలిలా పరిగెత్తుతాడు, బంతి మాత్రం ఇవ్వడు. "ఒక్కడే ఆడుతున్నాడు, స్వార్థపరుడు" అన్నాం. కానీ వాడు ఇద్దరిని తప్పించిన ప్రతిసారీ ఈలలు వేసింది ఎవరు? మేమే. పక్కవాడికి చక్కగా బంతి అందించినప్పుడు గట్టు మీద చప్పుడే లేదు. దేనికి చప్పట్లు కొడితే పిల్లలు దాన్నే నేర్చుకుంటారు.

పదో నంబరు. జట్టులో అందరికంటే చిన్నవాడు. వాడిని మేము అసలు చూడనే లేదు. మళ్లీ గుర్తు చేసుకుంటే, మనవాళ్లు గోలు దాకా పోయిన రెండుసార్లూ బంతి వాడి కాలి నుంచే మొదలైంది. తల ఎత్తి చూసి బంతి ఇచ్చేవాడు ఆ జట్టులో వాడొక్కడే.

ఇక్కడ మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చెప్పాలి. భారత ఫుట్‌బాల్‌కు ఆయన ఇచ్చినంత ఇంకెవరూ ఇవ్వలేదు. కుర్రాళ్లకు ఆయన డ్రిబ్లింగ్ చెయ్యకూడని పోటీలు, చేవ తక్కువున్న కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టించేవాడు. ఏడో నంబరును తిట్టడం కంటే వాడి చేత అలాంటి ఆట నెల రోజులు ఆడిస్తే మేలు.

రహీం జట్టు ఓటముల గురించి కూడా వినండి. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మన ఆటగాళ్లు కొందరు ఆ రోజు ఉత్త కాళ్లతో ఆడారు. అంతటితో ఆపేసి ఉంటే కథ అక్కడే ముగిసేది. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. ఆసియా నుంచి అంత దూరం వెళ్లిన మొదటి జట్టు మనదే. చివరికి నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. ఆయన జట్టును వదల్లేదు, పిల్లలను నిందించలేదు. ఎవరు ఎక్కడ ఆడాలో మళ్లీ ఆలోచించాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనే ఆడాడు. తర్వాతి ఏడాది జూన్‌లో రహీం కన్నుమూశాడు. మొదటి ఆట ఓడిన రోజునే ఆ జట్టును మనలాంటి వాళ్ల తీర్పుకు వదిలేసి ఉంటే ఆ పతకం వచ్చేదా?

చెల్లెళ్లకు ఒక ముచ్చట. 2022 అక్టోబర్ 11న భువనేశ్వర్‌లో అండర్-17 మహిళల ప్రపంచ కప్‌లో మన దేశం అమ్మాయిలు అమెరికా చేతిలో 8-0తో ఓడారు. ఆ జట్టు కెప్టెన్ అష్టం ఉరావ్ జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ బిడ్డ. ఆమె ఊరికి రోడ్డు వేస్తుంటే ఆ పనికి ఆమె తల్లిదండ్రులు కూడా కూలికి వెళ్లారని పత్రికలు రాశాయి. ఎనిమిది గోల్స్ పడ్డాయని నవ్వినవాళ్లు ఉన్నారు. కానీ ఆ పిల్ల ఆ మైదానం దాకా ఎంత దూరం నడిచి వచ్చిందో స్కోరు బోర్డు మీద రాయరు.

మన తెలుగు నేల మీదే నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన లంబాడీ బిడ్డ గుగులోత్ సౌమ్య ఉంది. 2022లో క్రొయేషియాలోని డినమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడడానికి వెళ్లింది. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. మన కాలనీలో ఆడపిల్లలు మగపిల్లల ఆట అయ్యాక, చీకటి పడే వేళ పది నిమిషాలు ఆడుకుంటున్నారు. ఆ పది నిమిషాలు గంట కావాలి. అది మేము చెయ్యాల్సిన పని.

ఇప్పుడు ఒక కష్టమైన మాట. "మనోళ్ల బతుకు ఇంతే" అన్నామే, అది ఎక్కడి మాట? తమ్ముళ్లారా, 1871లో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. మనిషి ఏం చేశాడని కాదు, ఏ కులంలో, ఏ తెగలో పుట్టాడని చూసి దొంగ అని రాసుకున్నారు. ఆ చట్టం నీడ మన యానాదుల మీద కూడా పడింది. అది 1952లో రద్దయింది. నెల్లూరు సీమలో వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్లు జీవితమంతా మన కోసం పనిచేశారు. మనవాళ్లు శ్రీహరికోట అడవి విడిచి వచ్చిన చోటనే 1971లో మొదటి రాకెట్ ఎగిరింది. ఇంత చూసి వచ్చినవాళ్లం మనం. ఒక్క చూపుతో మనిషికి ముద్ర వెయ్యడం ఎంత అన్యాయమో మనకంటే తెలిసినవాళ్లు ఎవరు? అటువంటిది ఒక్క ఆట చూసి మన పిల్లలకు మనమే ముద్ర వేశాం. అది తప్పు. అందరి ముందూ ఒప్పుకుంటున్నాం.

పిల్లలను చూసేటప్పుడు వయసు గురించి కూడా తెలుసుకోవాలి. వయసు గుంపును జనవరి 1 నుంచి లెక్కిస్తారు. జనవరిలో పుట్టినవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే జట్టులో ఉంటారు. పదమూడేళ్ల వయసులో దాదాపు ఒక ఏడాది తేడా అంటే చాలా ఎక్కువ. అందుకే చాలా దేశాల్లో ఏడాది మొదట్లో పుట్టిన పిల్లలే ఎక్కువగా ఎంపికవుతున్నారని పరిశోధకులు గమనించారు. వాళ్లు మెరుగైనవాళ్లని కాదు, ముందు ఎదిగినవాళ్లని. మన పదో నంబరు అలాంటి చోట వెనక్కి పోతాడు.

మనకు ఇంకో చిక్కుంది. మన పిల్లల్లో చాలామందికి పుట్టిన తేదీ కాగితం లేదు. బడిలో చేర్చిన రోజు ఎవరికి తోచిన తేదీ వాళ్లు రాశారు. ఎంపిక పోటీలకు పోతే మొదట అడిగేది జనన ధ్రువపత్రం. పెద్ద పోటీల్లో ఎముకల పరీక్ష కూడా చేస్తారు. కాగితంలో ఒకటి, ఎముకలో ఒకటి ఉంటే పిల్లవాడిని పక్కన పెడతారు. వాడి తప్పు లేకుండానే వాడి మీద మోసగాడనే ముద్ర పడుతుంది.

కాబట్టి వినండి. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి. 1969 నాటి చట్టం ప్రకారం ఏడాది దాటినా దారి ఉంది. ఆర్డీఓ కార్యాలయం నుంచి ఉత్తర్వు తెచ్చుకొని ఆలస్యంగానైనా నమోదు చేయించుకోవచ్చు. దానితోపాటు కుల ధ్రువపత్రం, ఆధార్ మూడింటిలో పేరు, తేదీ ఒకేలా ఉండేట్టు చూసుకోండి. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక్కొక్కరు అయిదు కుటుంబాల కాగితాలు చేయించినా చాలు. గోల్ కొట్టినంత పుణ్యం.

అవతలి గట్టువాళ్ల గురించి కూడా ఒక మాట. ఆ రోజు ఆట అయ్యాక మన కుర్రాళ్లు కొందరు రాళ్లు పట్టుకున్నారు. 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో డర్బీ చూడడానికి పోయినవాళ్లలో 16 మంది గొడవల్లో, తొక్కిసలాటలో చనిపోయారు. ఆట చూడడానికి పోయి ఇంటికి తిరిగి రాలేదు. మన అవతలి గట్టున ఉన్నది ఎవరు? మన మేనమామలు, మనం పిల్లనిచ్చినవాళ్లు. ఒకే ఏటిలో వలలు వేస్తున్నాం. మూడు గోల్స్ బాగా కొట్టినందుకు వాళ్ల పిల్లలకు చప్పట్లు కొట్టి ఉండాల్సింది.

చివరగా, గట్టు మీద వాళ్లం మూడు విషయాలు అనుకున్నాం. ఆట అయిన రోజు ఏ పిల్లవాడి మీదా తీర్పు చెప్పం, మర్నాడు కూర్చొని మాట్లాడతాం. తప్పు ఒకటి చెబితే మంచి ఒకటి చెప్తాం. ఆట ముందు రోజు రాత్రి ఆడే పిల్లల్లో ఎవరూ గుంట కాపలాకు పోకుండా, వాళ్ల బదులు మాలో ఒకరం పోతాం. ఈ మూడోది అన్నింటికంటే ముఖ్యం. కేకలు వెయ్యడం తేలిక, రాత్రంతా మేలుకోవడం కష్టం. అభిమానం ఉందంటే ఆ కష్టంలోనే చూపించాలి.

తమ్ముళ్లారా, మీకూ ఒక మాట. తిట్టు విని ఆట మానెయ్యకండి. కష్టం ఉంటే చెప్పండి. నిద్ర లేదని, తిండి లేదని చెప్పడం సాకు కాదు, నిజం.

ఒకటో నంబరు ఈ సభలోనే ఉన్నాడు. ఎక్కడ కూర్చున్నాడో చెప్పం, సిగ్గుపడతాడు. పోయిన ఆదివారం మళ్లీ ఆటకొచ్చాడు. సంక్రాంతికి అవతలి గట్టుతో మళ్లీ ఆట ఉంది. గెలుస్తామో లేదో తెలియదు. ఆ ముందు రోజు రాత్రి గుంట మీద కాపలాకు మాత్రం మేము పేర్లు రాసుకున్నాం.