మన వైద్యులు ఎందుకు వెళ్లిపోతున్నారు?



1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా విడిచి గుంటూరు వచ్చారు. 1898లో ఆస్పత్రి తెరిచారు. 1930లో ఇక్కడే కన్నుమూశారు. 1965లో అమెరికా వలస చట్టం సడలిన తరువాత మన బిడ్డలు ఆమెకు ఎదురుదారిన ప్రయాణమయ్యారు.

జీతమొక్కటే కారణం కాదు. కోరిన విభాగంలో పై చదువుకు సీటు దొరకడం కష్టం. పల్లె ఆస్పత్రిలో తరచు పరికరాలుండవు, సలహా అడగడానికి తోటి డాక్టరుండడు. రోగి పోతే నింద మాత్రం తప్పదు. పిల్లల చదువు మరో బెంగ.

వీటికి తోడు మనం. విదేశీ సంబంధమంటే సంబరపడతాం, పల్లెలో ఉన్న డాక్టరును, "ఎక్కడా ఉద్యోగం దొరకలేదా బాబూ?" అంటాం. నేనూ ఒకనాడు అడిగాను, సిగ్గుపడుతున్నాను.

వెళ్లినవారిని నిందించను. ఉన్నవారికి నివాసం, తోడు, గౌరవం ఇవ్వడం మన సంఘాల చేతిలో ఉంది. ఈ శతాబ్ది సంవత్సరంలో అక్కడే ఆరంభిద్దాం.