పై ఇంటి నీళ్లు మన ఇంట్లో కారుతుంటే ఏం చేయాలి?

టిడ్కో గృహ సముదాయాల లబ్ధిదారుల అవగాహన సమావేశంలో జిల్లా సమాచార, పౌర సంబంధాల అధికారి ప్రసంగ పాఠం



ఈ రోజు కొత్త పథకం గురించి చెప్పడానికి రాలేదు. ఇల్లు చేతికి వచ్చాక మొదలయ్యే ఒక ఇబ్బంది గురించి మాట్లాడుకుందాం. పై ఇంటి బాత్రూమ్ నీళ్లు కింది ఇంట్లో కారడం. చూడటానికి చిన్న విషయమే. కానీ దీని వల్ల గోడలు పాడవుతాయి, కరెంటు షాకు ప్రమాదం ఉంటుంది, ఒకే మెట్లెక్కే రెండు కుటుంబాలకు మాటలు లేకుండా పోతాయి.

మీలో చాలామంది ఇంతకుముందు పెంకుటింట్లోనో, రేకుల షెడ్డులోనో, అద్దె గదిలోనో ఉన్నవాళ్లే. అక్కడ మన ఇంటి నేల కింద ఉండేది మట్టి. ఎన్ని బిందెల నీళ్లు పోసినా భూమి తాగేసేది. ఇక్కడ అలా కాదు. గ్రౌండ్ ఫ్లోర్, దాని పైన మూడు అంతస్తులు. మన నేల కింది వాళ్లకు పైకప్పు. మన పైకప్పు పై వాళ్లకు నేల. ఆ స్లాబు ఇద్దరిదీ. దాని మంచీచెడూ ఇద్దరూ చూసుకోవాలి. పైగా లాటరీలో వచ్చిన ఇళ్లు కాబట్టి పైన ఎవరు, కింద ఎవరు అన్నది మనం ఎంచుకున్నది కాదు. అయినా ఏళ్ల తరబడి కలిసి ఉండాల్సింది వాళ్లతోనే.

అందుకని నేను చెప్పే ముఖ్యమైన మాట ఒక్కటే. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలేదాకా ఎవరినీ తప్పు పట్టకండి. తేలాక మాత్రం ఒక్క వారం కూడా ఆలస్యం చేయకండి.

మొదట చూసుకోవాల్సింది కరెంటు

నీళ్లు ఫ్యాను కొక్కెం దగ్గర, లైటు దగ్గర, స్విచ్ బోర్డు మీద కారుతుంటే ముందు మెయిన్ స్విచ్ ఆపేయండి. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి బోర్డును ముట్టుకోకండి. మెయిన్ స్విచ్ దగ్గరే తడి ఉంటే దాని జోలికి పోకుండా 1912కు ఫోన్ చేయండి. అది కరెంటు వాళ్ల ఫిర్యాదుల నంబరు. ఎలక్ట్రీషియన్ చూసి సరే అనేదాకా ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టకండి.

ఆ తర్వాత ఫోటోలు తీయండి. మరక మొత్తం కనిపించేలా ఒకటి, దగ్గర నుంచి ఒకటి. మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ రాయండి. వారం తర్వాత మరక గీత దాటిందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు. పాడైన పరుపు, బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు ఏమైనా ఉంటే పారేసే ముందే వాటి ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

నీళ్ల జాడ పట్టుకోవడం ఎలా?

దీనికి ఇంజనీరే రావాలని లేదు. నాలుగు రోజులు గమనిస్తే సగం సంగతి మీకే తెలుస్తుంది.

పగలూ రాత్రీ, పైన వాళ్లు నీళ్లు వాడినా వాడకపోయినా ఒకే తీరున కారుతుంటే, ట్యాంకు నుంచి నీళ్లు తెచ్చే పైపు మీద అనుమానం. ఆ ఇంటికి వెళ్లే గేట్ వాల్వ్‌ను ఒక రాత్రంతా కట్టేసి చూడండి. కారడం తగ్గితే లోపం ఆ పైపులోనే ఉన్నట్టు.

పైన స్నానాలు అయ్యాక, బట్టలు ఉతికాక మాత్రమే కారుతుంటే అది వాడిన నీళ్లు బయటకు పోయే దారిలో లోపం. నహానీ ట్రాప్ చుట్టూ సిమెంటు వదిలి ఉండవచ్చు. టైల్స్ సందులు తెరుచుకుని ఉండవచ్చు. కింది పైపు జాయింటు ఊడి ఉండవచ్చు.

వాన పడినప్పుడే కారితే పై ఇంటి వాళ్లకు దాంతో సంబంధం లేకపోవచ్చు. బయటి గోడ పగులు, డాబా మీది వాన నీటి పైపు, డక్టులో దిగే పైపులు చూడాలి. డాబా మీద ట్యాంకు నిండి పొర్లుతోందేమో కూడా చూడండి. మోటారు ఆపడం మర్చిపోతే ఆ నీళ్లు గోడ వెంబడి దిగి ఏ ఇంట్లోనైనా తేలవచ్చు.

ఇంకా అనుమానం ఉంటే రంగు పరీక్ష చేయండి. పై ఇంటి వాళ్లు ఒప్పుకున్నాకే, వాళ్ల ఎదురుగానే చేయాలి. బాత్రూమ్ నహానీ ట్రాప్‌కు గుడ్డ, ప్లాస్టిక్ కవరు గట్టిగా కుక్కి, గచ్చు మునిగేలా నీళ్లు నింపండి. గడప దాటి హాల్లోకి రాకూడదు. అందులో బట్టలకు వాడే నీలం కలపండి. ఒక రోజంతా అలాగే ఉంచండి. కింద నీలం చుక్కలు పడితే లోపం గచ్చులోనే. పడకపోతే గుడ్డ తీసి నీళ్లను ఒక్కసారిగా వదలండి. అప్పుడు పడితే లోపం ట్రాప్‌లోనో, దాని కింది పైపులోనో ఉంది. రెండుసార్లూ పడకపోతే ఆ బాత్రూమ్‌ను పక్కన పెట్టి వేరే చోట వెతకాలి.

ఇంత ఓపిక ఎందుకంటే, నీళ్లు స్లాబులో నేరుగా కిందికి దిగవు. సందు దొరికిన వైపు పాకి, ఎక్కడో దూరంగా బయటపడతాయి. రెండో అంతస్తు ఇంట్లో చెమ్మ వచ్చిందని మూడో అంతస్తు వాళ్లతో నెల రోజులు గొడవ పడ్డారనుకుందాం. తీరా చూస్తే పగిలింది బ్లాకు మొత్తానికి సంబంధించిన డక్టులోని పైపు. అప్పటికే అన్న మాటలను వెనక్కి తీసుకోవడం కుదరదు కదా.

పైకి వెళ్లి ఎలా మాట్లాడాలి?

కోపంగా ఉన్నప్పుడు వెళ్లకండి. నలుగురిని వెంటేసుకుని వెళ్లకండి. వీలైతే ఇంటి ఆడవాళ్లే వెళ్లి, “వదినా, మా వంటింట్లో చెమ్మ వస్తోంది. ఒకసారి కిందికొచ్చి చూస్తారా?” అని పిలవండి. “మీ బాత్రూమ్ కారుతోంది” అనడానికీ, “మా ఇల్లు ఒకసారి చూడండి” అనడానికీ చాలా తేడా ఉంది. పైన ఉండేవాళ్లకు వాళ్ల గచ్చు ఆరిపోయి శుభ్రంగానే కనిపిస్తుంది. కింద పడే నీళ్లను కళ్లతో చూస్తే తప్ప నమ్మకం కుదరదు.

పై ఇంటి వాళ్లకు కూడా ఒక మాట. కింది వాళ్లు వచ్చి చెప్పారంటే మిమ్మల్ని వేలెత్తి చూపినట్టు కాదు. మీ బాత్రూమ్ చూడనివ్వండి. ఈ రోజు నహానీ ట్రాప్ చుట్టూ సందు పూడ్చడం ఒక పూట పని. ఏడాది వదిలేస్తే టైల్స్ అన్నీ పీకి, కింద మళ్లీ వాటర్ ప్రూఫ్ పూత వేయాల్సి వస్తుంది.

వదిలేస్తే స్లాబుకు ఏమవుతుందో కూడా వినండి. నీళ్లు కాంక్రీటులోకి దిగితే లోపలి ఇనుప ఊచలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కింది సిమెంటు పెచ్చులుగా ఊడి పడుతుంది. అది పడేది మంచం మీదో, ఉయ్యాల మీదో చెప్పలేం. ఊచలు బలం తగ్గితే నష్టం కింది ఇంటికే కాదు, ఆ స్లాబు మీద నిలబడే పై ఇంటికి కూడా. 365, 430 చదరపు అడుగుల ఇళ్లకు బ్యాంకు అప్పు ఉంది. ఇల్లు పాడైందని వాయిదా ఆగదు.

చేయకూడని పనులు

కింద నుంచి సున్నం, పెయింటు, పుట్టీ వేసి మరకను కప్పకండి. పైన కారడం ఆగకుండా కింద పూత పూస్తే, జబ్బు అలాగే ఉండగా కట్టు కట్టినట్టే. ముందు పైన బాగు చేయాలి. స్లాబు పూర్తిగా ఆరాలి. ఆ తర్వాతే పూత.

మన టిడ్కో ఇళ్లు షియర్ వాల్ పద్ధతిలో కట్టినవి. ఇక్కడ గోడలు ఇటుకలవి కావు, ఊచలు పెట్టి పోసిన కాంక్రీటువి. బరువు మోసేది ఆ గోడలే. పైపు వెతకడానికని మేస్త్రీతో ఇష్టమొచ్చినట్టు కొట్టించకండి. గోడను గానీ స్లాబును గానీ ముట్టుకోవాలంటే ముందు ఇంజనీరును అడగండి.

పై అంతస్తుల వాళ్లు హాలు, వంటిల్లు బకెట్లతో కడగడం మానుకోవాలి. పండగ ముందు, శుక్రవారం ఇల్లు కడగడం మన అలవాటే. కానీ బాత్రూమ్‌కు ఉన్నట్టు హాలుకు వాలు ఉండదు, నీళ్లు పోయే దారి ఉండదు. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. తులసి కుండీ కింద పళ్లెం పెట్టండి. వాషింగ్ మెషిన్ పైపును నేల మీద వదలకుండా ట్రాప్‌లోకి దించండి.

ఖర్చు ఎవరిది?

సాధారణంగా పాటించే పద్ధతి ఇది. ఒక ఇంటి వాళ్లు మాత్రమే వాడే బాత్రూమ్ గచ్చు, ట్రాప్, కొళాయి, పైపు ఆ ఇంటి వాళ్ల బాధ్యత. డాబా, బయటి గోడలు, డక్టులో దిగే పెద్ద పైపులు, ట్యాంకు అందరివీ. వాటి మరమ్మతు సంఘం డబ్బుతో జరగాలి. మీ బ్లాకులో సంఘం ఉంటే ఈ సంగతి దాని నియమాల్లో రాయించుకోండి. లేకపోతే సంఘం పెట్టుకోవడానికి ఇదొక్కటే చాలు కారణం. నెలనెలా కొద్దికొద్దిగా జమ చేసుకుంటే పైపు పగిలిన రోజున ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు.

చేరిన కొత్తలోనే కారడం మొదలైనా, వరుసగా చాలా ఇళ్లలో ఒకే చోట కారుతున్నా, అది కట్టడంలోని లోపం కావచ్చు. అప్పుడు ఒక్కొక్కరుగా కాకుండా బ్లాకు మొత్తం కలిసి మున్సిపల్ కార్యాలయంలోనూ, టిడ్కో ఇంజనీర్లకూ అర్జీ ఇవ్వండి. గుత్తేదారు మరమ్మతు చేయాల్సిన గడువు ఇంకా ఉందా లేదా రాతపూర్వకంగా చెప్పమని అందులోనే అడగండి.

పై ఇంటికి తాళం వేసి ఉంటే

తాళం పగలగొట్టకండి. మంచి కోసమే చేసినా రేపు అది మీ మీద కేసవుతుంది. ఆ ఇంటికి వెళ్లే గేట్ వాల్వ్ ఎక్కడుందో సంఘం వాళ్లతో కలిసి చూసి, సాక్షుల ముందు కట్టేసి, ఇంటి వాళ్లకు ఫోన్‌లో చెప్పండి. ఫోన్ నంబరు లేకపోతే మున్సిపల్ కార్యాలయం ద్వారా కబురు పంపమని అర్జీ పెట్టండి. ఇల్లు ఖాళీగా ఉంచిన వాళ్లు ఒక తాళం చెవి నమ్మకమైన పొరుగువారి దగ్గర ఉంచితే అందరికీ మంచిది.

మాటతో తేలకపోతే

పై ఇంటి వాళ్లు రెండుసార్లు చెప్పినా పట్టించుకోకపోతే ఒక కాగితం రాసి ఇవ్వండి. ఇలా రాస్తే చాలు:

“మా ఇల్లు ఫలానా బ్లాకు, ఫలానా నంబరు. ఫలానా తేదీ నుంచి మా వంటింటి స్లాబులో నీళ్లు కారుతున్నాయి. ఫలానా తేదీన మీకు చూపించాం. రంగు పరీక్షలో మీ బాత్రూమ్ నుంచి వస్తున్నట్టు తేలింది. 15 రోజుల్లో బాగు చేయించగలరు.”

ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. ఇంకో నకలు సంఘానికి ఇవ్వండి.

అప్పటికీ కదలిక లేకపోతే వార్డు సచివాలయంలో చెప్పండి. తర్వాత, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. ఫోటోలు, రాసి ఇచ్చిన కాగితం నకలు జత చేయండి. రశీదు తీసుకోకుండా బయటకు రాకండి. 1100కు ఫోన్ చేసి మీ అర్జీ ఎక్కడుందో అడగవచ్చు.

నష్టపరిహారం దాకా వస్తే లోక్ అదాలత్ ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. లోక్ అదాలత్‌కు కోర్టు ఫీజు లేదు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని చేసుకున్న రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దాని మీద అప్పీలు ఉండదు.

నీళ్లు కారడం పోలీసు కేసు కాదు. కానీ ఎవరైనా చేయి చేసుకుంటే, బెదిరిస్తే, కులం పేరుతో తిడితే అది వేరే సంగతి. వెంటనే 112కు ఫోన్ చేయండి.

ఈ సాయంత్రం ఇంటికి వెళ్లాక రెండు పనులు చేయండి. మీ వంటింటి, బాత్రూమ్ పైకప్పు ఒకసారి తలెత్తి చూడండి. తర్వాత మీ బాత్రూమ్‌లో నహానీ ట్రాప్ చుట్టూ సిమెంటు వదిలిందేమో వంగి చూడండి. మొదటిది మీ కోసం, రెండోది కింది వాళ్ల కోసం. ఈ కాగితాన్ని మీ బ్లాకు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చదవలేని పెద్దవాళ్లు ఉంటే చదివి వినిపించండి.