హృదయపరివర్తనము



మనుష్యుని శీలము మాఱునా? మాఱినచో వెలుపలినుండి మాఱునా, లోపలినుండి మాఱునా? గురుసన్నిధిని అమరమును కావ్యములును జదివి, ముప్పదియేండ్లు బడిపంతులుగా నుండి, బెత్తమే శీలమును దిద్దునని నమ్మినవాఁడను గావున, నాకిది వట్టి శాస్త్రచర్చ కాదు. రాగిచెంబును చింతపండుతోఁ బైపైఁ దోమినచో మెఱయును. లోపలి చిలుము లోపలనే యుండును. క్రీస్తుప్రభువు తన కాలపు శాస్త్రులను మందలించునప్పుడు ఇట్టి పాత్రనే దృష్టాంతముగాఁ జూపెను.

దేవుని కృప లోపల ప్రవేశించి మనుష్యుని మార్చునని మా క్రైస్తవుల విశ్వాసము. ఆ మార్పు ఒక్క నిమిషములో ముగిసిపోవునని కొందఱు తలఁతురు. నేను జదివిన యొక జీవితచరిత్ర వేఱుగాఁ జెప్పుచున్నది.

జాన్ న్యూటన్ అను నాంగ్లేయుఁడు 1725వ సంవత్సరమున లండను నగరమున జన్మించెను. ఏడేండ్లు నిండకమునుపే తల్లి గతించెను. ఓడలపైనే యౌవనము గడపి, నోటికి హద్దులేక దైవమును దూషించుచుఁ దిరిగెను. 1748 మార్చినెలలో అట్లాంటిక్ మహాసముద్రమున నతఁడున్న యోడ తుపానులోఁ జిక్కి, ప్రక్క పగిలి నీరు నిండుచుండఁగా, ఆ యిరువదిరెండేండ్ల యువకుఁడు దేవుని కరుణను వేఁడుకొనెను. బ్రదికి యొడ్డు చేరెను. నాఁటినుండి తిట్లు మానెను; ప్రార్థన నేర్చెను.

కథ యింతటితో ముగిసిన నెంత బాగుండును! కాని యటుపిమ్మటనే యతఁడు బానిసల నోడలకు నాయకుఁడై, 1750 మొదలు 1754 వఱకు మూఁడు పర్యాయములు ఆఫ్రికా తీరమునకుఁ బోయి మనుష్యులను గొనితెచ్చెను. ఓడ క్రింది యఱలలో వారు సంకెళ్లతో మూల్గుచుండఁగా, పైన నావికులచేత నాదివారపుఁ బ్రార్థన జరిపించెను. చెంబు వెలుపల మెఱసినది; లోపలి చిలుము పోలేదు.

1754లో జబ్బుచేసి సముద్రయానము మానెను. 1764లో ఓల్నీ యను చిన్న యూరికి గురువయ్యెను. 1785లో విల్బర్‌ఫోర్సు అను పార్లమెంటు సభ్యుఁడు ఆలోచన యడుగ రాఁగా, పదవి విడువక యచటనే దేవుని సేవ చేయుమని బోధించెను. తుదకు 1788లో బానిసవ్యాపారమును ఖండించుచు నొక చిన్న పుస్తకము ప్రకటించి, అందులోఁ దన పాపమును దానే లోకమునకొప్పుకొనెను. పార్లమెంటువారి విచారణలోఁ దాను గన్నది సాక్ష్యముగాఁ జెప్పెను. బ్రిటిషువారి బానిసవ్యాపారమును నిషేధించు చట్టము 1807లోఁ బుట్టెను. ఆ యేఁటి డిసెంబరులోనే న్యూటన్ కన్నుమూసెను.

తుపానునకును ఒప్పుకోలునకును నడుమ నలువదియేండ్లు! పాలలోఁ దోడు వేసినప్పుడు చప్పుడు గాదు. పైకిఁ బాలు పాలవలెనే కానవచ్చును. లోపల మార్పు నడచుచునే యుండును. విశ్వాసమును అట్టిదే. కాని మనము మాఱుట యాలస్యమైనకొలఁది ఎవరి బ్రతుకులు పాడగుచున్నవో, అదియుఁ దలఁపవలెను.

నా మాట చెప్పెదను. ఒకనాఁడు బడిలో నా కలము కానరాలేదు. ఒక పేద పిల్లవానిని దొంగయని యందఱి యెదుటఁ గొట్టితిని. ఆ రాత్రియే కలము నా కోటు మడతలోఁ దొరికినది. పంతులు తప్పొప్పుకొన్నచో బడి సాగదని తలఁచి యూరకుంటిని. ఆ యాదివారమును దేవాలయమునకుఁ బోయి ప్రార్థించితిని.

ఇరువదియేండ్లు గడచెను. ఉద్యోగము విరమించిన పిమ్మట న్యూటన్ చరిత్ర చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మఱునాఁడు వాని యూరికిఁ బోయితిని. కళ్లములో ధాన్యము తూర్పారఁబట్టుచున్న వాని యెదుట నిలిచి, చేతులు జోడించి, జరిగినది చెప్పితిని. వాఁడు చేట క్రిందఁబెట్టి, “పంతులుగారూ, కలము నేను తీయలేదని మా యమ్మకు ఎన్నిసార్లో చెప్పినాను. ఆమె మీ మాటే నమ్మింది. ఆమె బ్రతికి ఉండగా మీరు వచ్చి ఉంటే బాగుండును” అనెను. పిమ్మట నన్ను నీడను గూర్చుండఁబెట్టి మజ్జిగ యిప్పించెను.

పెద్దలారా! మీరు ఏ మతమువారైనను సరే, ఎవరికైనను ఒక యొప్పుకోలు బాకీ పడియున్నచో, వినవలసినవారు బ్రదికియుండఁగానే పోయి చెప్పుఁడు. లోపల మార్పు వచ్చినదనుటకు నేనెఱిఁగిన గుర్తు అదియొక్కటే.

సెలవు.