కంప్యూటరును నిద్రపుచ్చే వేళ

(ఆరోగ్య అవగాహన సదస్సులో ఆసుపత్రి కంప్యూటరు విభాగపు ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



నేను డాక్టరును కాను. ఇక్కడ బిల్లింగు, రికార్డుల కంప్యూటర్లు చూసుకునేవాడిని. ఆరోగ్యము గురించి మాట్లాడమంటే నాకేమి తెలుసు అన్నాను. "మీ బి.పి. సంగతి చెప్పండి, చాలు" అన్నారు మేడమ్ గారు. కాబట్టి అదే చెబుతాను.

2022లో స్టాఫ్‌కు చేసే మామూలు పరీక్షలో నా బి.పి. 160/100 వచ్చింది. నేను నమ్మలేదు. వారం రోజుల్లో ఇంకో రెండుసార్లు చూశారు, తగ్గలేదు. మాత్ర రాసి, మేడమ్ గారు ఒక ప్రశ్న అడిగారు. "రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటున్నారు?" ఒకటి, ఒకటిన్నర అవుతుంది మేడమ్ అన్నాను. "ఉదయం?" ఆరింటికి లేవాలి. "మీ కంప్యూటరు ఎన్ని గంటలకు పడుకుంటుంది?" అన్నారు. నాకు మాట రాలేదు. ఆసుపత్రిలో ప్రతి కంప్యూటరు ఎన్ని నిమిషాలకు స్లీప్‌లోకి వెళ్ళాలో పెట్టేది నేనే. ఇంట్లో నా ముందున్నది మాత్రం నాతోపాటు మేలుకునే ఉంటోంది.

పెద్దవాళ్ళకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలనీ, 13 నుండి 18 ఏళ్ళ పిల్లలకు 8 నుండి 10 గంటలు కావాలనీ డాక్టర్లు చెబుతారు. ఏళ్ళ తరబడి తక్కువ నిద్రపోయేవారిలో బి.పి., షుగరు ఎక్కువగా కనబడతాయి. నాకు వచ్చిన బి.పి. కంప్యూటరు వల్లనే అని నేను అనను. మా నాన్నగారికీ ఉండేది. కాని నాలుగున్నర గంటల నిద్ర దానికి సాయం చేయలేదని మాత్రం చెప్పగలను.

ఇప్పుడు నాకు తెలిసిన విషయానికి వస్తాను. కంప్యూటరుకు నిద్ర రెండు రకాలు. మొదటిది స్లీప్. అందులో మెమరీకి మాత్రం కొద్దిగా కరెంటు అందుతుంది, మిగతావన్నీ ఆగిపోతాయి. మీట నొక్కగానే లేస్తుంది. రెండవది హైబర్నేట్. మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద రాసిపెట్టి, మొత్తం ఆరిపోతుంది. లేవడానికి కొంచెం సమయం పడుతుంది గాని, కరెంటు పోయినా మీరు తెరిచి ఉంచిన ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో స్లీప్‌ను స్టాండ్‌బై అనేవారు, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ అనే చోట "ఇన్ని నిమిషాలకు స్లీప్" అని పెట్టుకోవచ్చు. అందరికీ తెలిసినదే. మనం మోసపోయేది అక్కడే. ఆ లెక్క గడియారాన్ని చూసేది కాదు, మన చేతులను చూసేది. మౌసు, కీబోర్డు కదలకపోతేనే నిమిషాలు లెక్కపెడుతుంది. మీరు రాత్రి రెండింటి వరకు టైపు చేస్తే, రెండింటి వరకు మీతోనే ఉంటుంది. ఇక సినిమా నడుస్తుంటే, మీరు చేతులు కట్టుకుని కూర్చున్నా పడుకోదు. ఎందుకంటే వీడియో చూపించే ప్రోగ్రాము "నన్ను నిద్రపుచ్చవద్దు" అని విండోస్‌కు చెప్పి ఉంచుతుంది. ఒక భాగం అయిపోగానే ఇంకొకటి దానంతట అదే మొదలవుతుంది. మనిషి కుర్చీలోనే కునుకు తీస్తాడు, తెర మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

ఆ వెలుగు గురించి ఒక్క మాట. చీకటి పడ్డాక మన శరీరం మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది, అది నిద్రవేళ అయిందని ఒంటికి చెబుతుంది. కంటికి వెలుతురు తగిలితే అది తగ్గుతుంది. అమెరికాలో 12 మంది మీద చేసి 2014లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పడుకునే ముందు వెలుగు తెర మీద చదివినవారికి, అచ్చు పుస్తకం చదివినవారికంటే నిద్ర పట్టడానికి దాదాపు 10 నిమిషాలు ఎక్కువ పట్టింది. పది నిమిషాలే కదా అంటారేమో. నా విషయంలో అసలు నష్టం ఆ పది నిమిషాలు కాదు, కుర్చీలో పోగొట్టుకున్న రెండున్నర గంటలు.

అందుకని నేను గడియారాన్ని చూసే ఏర్పాటు చేసుకున్నాను. విండోస్‌లోనే టాస్క్ షెడ్యూలర్ అని ఉంది, డబ్బు పెట్టి కొనవలసిన పని లేదు. అందులో కొత్త పని ఒకటి పెట్టి, ప్రతిరోజూ అని, రాత్రి 10.30 అని ఇచ్చి, నడపవలసిన ప్రోగ్రాము దగ్గర షట్‌డౌన్ అని, దాని పక్క గడిలో స్లాష్ హెచ్ అని ఇంగ్లీషు అక్షరాలలో రాయాలి. హెచ్ అంటే హైబర్నేట్. పదిన్నర కాగానే హెచ్చరిక ఏదీ లేకుండా పడుకుంటుంది. అందుకే పదీ ఇరవైకి ఫోనులో అలారం పెట్టుకున్నాను. పొద్దున మీట నొక్కితే రాత్రి వదిలిన వాక్యం దగ్గరే తెరుచుకుంటుంది. పని పోతుందన్న భయం ఉంటే ఎవరూ ఈ ఏర్పాటును నాలుగు రోజులు కూడా ఉంచుకోరు.

ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి కంప్యూటరులోనూ, దానితో చెప్పే, ఇదే పెట్టాను. రెండు వారాలు బాగానే జరిగింది. ఒక రాత్రి పన్నెండింటికి మంచినీళ్ళకు లేస్తే దాని గదిలో వెలుతురు కనబడింది. ఏమిటమ్మా అంటే, "చార్జరు తీసేస్తే పడుకోవట్లేదు నాన్నా" అంది. నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. నిజమే, తప్పు నాదే. ఆ టాస్కు షరతులలో "కరెంటుకు తగిలించి ఉంటేనే నడుపు" అన్న గడికి టిక్కు ముందే పెట్టి ఉంటుంది. ల్యాప్‌టాప్ వాడేవారు దానిని తీసివేయాలి. "తప్పిపోయిన పనిని వీలైనంత త్వరగా నడుపు" అన్న గడి ఇంకొకటి ఉంది. దానిని మాత్రం ముట్టుకోకండి. ముట్టుకుంటే పొద్దున తెరవగానే మళ్ళీ పడుకుంటుంది.

టిక్కు తీసేసే ముందు దానిని అడిగాను, ఎందుకు మేలుకున్నావని. రికార్డు రాయడం పూర్తి కాలేదట. అప్పుడు ఇద్దరం కూర్చుని, పరీక్షల నెలలో పదకొండు, మిగతా రోజుల్లో పదిన్నర అని ఒప్పుకున్నాం. పిల్లలకు తెలియకుండా పెట్టిన తాళాన్ని వాళ్ళు ఒక్క సాయంత్రంలో తీసేస్తారు. అది నా అనుభవం.

ఇప్పుడు సిస్టర్లకు ఒక మాట. అన్ని కంప్యూటర్లూ పడుకోకూడదు. రాత్రి బ్యాకప్ తీసుకునే కంప్యూటరు మేలుకొని ఉండాలి. దానికోసం మైక్రోసాఫ్ట్ వారి పవర్‌టాయ్స్‌లో అవేక్ అని ఒక ఉచిత పనిముట్టు ఉంది. మౌసును ఊరికే కదుపుతూ ఉండే చిన్న ప్రోగ్రాములు కూడా దొరుకుతాయి. ఇంతకు ముందు పనిచేసిన ఒక చోట నేను అలాంటిదే పెట్టాను. బ్యాకప్ బాగానే నడిచింది. కాని మౌసు కదులుతుంటే తెర ఆరదు, తాళమూ పడదు. ఆ కంప్యూటరు వరండా వైపు తిరిగి ఉండేది. ఒక పేషెంటు రిపోర్టును ఆమె భర్త కంటే ముందు ఆ ఊరివారు చదివారు. ఆమె తర్వాత వైద్యానికి రావడం మానేసింది. ఎక్కడికి వెళ్ళిందో, వెళ్ళిందో లేదో కూడా మాకు తెలియలేదు.

తెర ఆరడం వేరు, కంప్యూటరు పడుకోవడం వేరు. కంప్యూటరు మేలుకొని ఉండి, తెర ఆరి తాళం పడేలా పెట్టవచ్చు. అవేక్‌లో తెరను వెలిగించి ఉంచే గడి విడిగా ఉంటుంది, దానిని వదిలేయండి. కుర్చీ నుండి లేచినప్పుడు విండోస్ గుర్తు మీట, ఎల్ మీట కలిపి నొక్కండి. ఒక్క క్షణం పని. వార్డులో మానిటర్లకు, పరికరాలకు కలిపి ఉన్న కంప్యూటర్లలో మాత్రం మీరు ఏ సెట్టింగూ మార్చకండి, కొత్తగా ఏదీ ఎక్కించకండి. మమ్మల్ని పిలవండి.

కంప్యూటరు పడుకోవలసినప్పుడు పడుకోకపోతే, ఎవరు లేపి ఉంచుతున్నారో తెలుసుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్, రిక్వెస్ట్స్ అని ఇంగ్లీషులో కొడితే ఆ ప్రోగ్రాము పేరు చూపిస్తుంది.

నైట్ డ్యూటీ చేసేవారు పదిన్నర అన్న నా లెక్క పట్టుకోకండి. డ్యూటీ దిగి, టిఫిను చేసి పడుకునే వేళ ఏదో అదే మీ కంప్యూటరుకు పెట్టండి. గదికి ముదురు రంగు పరదా వేసుకోండి. ఎవరైనా 8 గంటలు పడుకున్నా పగలంతా తూలుతూ ఉంటే, గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లు ఇంట్లోవారు గమనిస్తే, అది నేను సరిచేయగలిగేది కాదు, డాక్టరును కలవండి.

మొదటి నెల నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. కంప్యూటరు పదిన్నరకు పడుకుంది, నేను మంచం మీద ఫోను తీశాను. ఇప్పుడు ఫోను హాలులో చార్జింగుకు ఉంటుంది. అత్యవసరంగా ఆసుపత్రి నుండి పిలుపు వస్తే మోగేలా గట్టిగానే పెట్టాను. మాత్ర ఇంకా వేసుకుంటున్నాను, మానలేదు. మొన్నటి పరీక్షలో 130/84 ఉంది.

టీ విరామంలో నేను వెనుక బల్ల దగ్గర ఉంటాను. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవారు రండి, పది నిమిషాలలో పెట్టి ఇస్తాను. అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు గుర్తు తెచ్చుకుని రండి, సగం మందికి అదే గుర్తుండదు.