పదవ తరగతి తప్పిన పిల్లలు – మిగిలి ఉన్న మార్గాలు

(కొత్తచెరువులో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2025 జులై 10న ఈ ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పేరు రాష్ట్రమంతటా వినిపించింది. ఆనాడు జరిగిన మెగా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశంలో పాల్గొనడానికి ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి ఇక్కడికే వచ్చారు. బడిలో ఉన్న బిడ్డ తల్లిదండ్రులను ప్రభుత్వం బడికి పిలవడం హర్షించదగినదే. అయితే అటువంటి పిలుపు అందని తల్లిదండ్రులు కూడా మన మధ్య ఉన్నారు. వారి పిల్లల పేర్లు హాజరుపట్టీలో లేవు. పదవ తరగతి పరీక్ష తప్పి ఇంట కూర్చున్నవారు, పరీక్ష దాకా రాకుండానే బడి మానినవారు వారు. నేడు మేము మాట్లాడదలచినది ఆ పిల్లల గురించే.

2025లో మన రాష్ట్రంలో 6,14,459 మంది రెగ్యులర్ విద్యార్థులు పదవ తరగతి పరీక్షలు వ్రాశారు. 4,98,585 మంది ఉత్తీర్ణులైనారు. అనగా 81.14 శాతం. పత్రికలు ఆ శాతాన్ని పెద్ద అక్షరాలలో ముద్రించాయి. మిగిలిన లక్షా పదిహేను వేల మందికి పైగా పిల్లలు ఆ మరుసటి ఉదయం ఏమి చేశారన్నది ఎవరికీ వార్త కాలేదు. మన ప్రాంతంలో ఏమి జరుగుతుందో మనకు తెలియనిది కాదు. వేరుశనగ చేతికి రాని సంవత్సరం కుటుంబమే బెంగుళూరుకు తరలిపోతుంది. మగపిల్లవాడు మెకానిక్ షెడ్డులోనో, వెల్డింగ్ దుకాణంలోనో చేరుతాడు. ఆడపిల్లకు సంబంధాలు చూడడం మొదలవుతుంది. "ఫెయిల్ అయింది, ఇక చదువెందుకు?" అన్న ఒక్క మాటతో పదేళ్ల చదువుకు ముగింపు పలుకుతాం.

ఆ మాట సరికాదని నిరూపించడానికే మేము మీ ముందు నిలిచాము. పరీక్షలో తప్పేది సబ్జెక్టు మాత్రమే, బిడ్డ కాదు. నెగ్గిన సబ్జెక్టులు ఆ బిడ్డ సొంత ఆర్జన. ఆ ఆర్జనను నిలుపుకొని ముందుకు సాగడానికి చట్టబద్ధమైన మార్గాలున్నవి. అవి తెలియకపోవడం వల్లనే మన పిల్లలు నష్టపోతున్నారు.

మొదట ఆ పత్రం విలువ ఎంతో చూద్దాం. రైల్వేలో అట్టడుగు స్థాయి ఉద్యోగానికి కూడా పదవ తరగతి గానీ, దానికి సమానమైన అర్హత గానీ కావాలి. పుట్టిన తేదీకి అంగీకరించే ఆధారాలలో అది ఒకటి. మన రాయలసీమ ముస్లింలకు గల్ఫ్ దేశాలతో ఉన్న సంబంధం మీకు తెలుసు. పదవ తరగతి లేనివారి పాస్‌పోర్టు సాధారణంగా 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' తరగతిలోకి వస్తుంది. సౌదీ, కువైట్ వంటి 18 దేశాలకు కూలికి పోవాలంటే వారు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి పొందాలి. ఆ నిబంధన కార్మికుని రక్షణకే ఏర్పడినది. అయినప్పటికీ చదువురాని మనిషి ఆ అనుమతి కోసం దళారి చేతిలో చిక్కుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. పదవ తరగతి ఉత్తీర్ణులకు ఆ అనుమతి అవసరం లేదు. చివరకు వివాహ సాయానికి కూడా ఈ పత్రమే షరతు అయింది. 2022 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో అమలుకు వచ్చిన షాదీ తోఫా పథకంలో వధూవరులిద్దరూ పదవ తరగతి ఉత్తీర్ణులై ఉండాలన్నారు. చదువు మాన్పించి పెళ్లి చేస్తే పెళ్లి సాయమూ దక్కని స్థితి అది.

ఇక్కడ చట్టంలోని ఒక పెద్ద లోటును గుర్తించాలి. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే వర్తిస్తుంది. అనగా ఎనిమిదవ తరగతితో ఆ హక్కు ముగుస్తుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండిన పిల్లలను ప్రమాదకరం కాని పనులలో పెట్టుకోవచ్చు. బ్రతుకుకు అవసరమైన పత్రం మాత్రం పదవ తరగతిలో లభిస్తుంది. ఎనిమిదికీ పదికీ మధ్య ఉన్న ఆ రెండేళ్లలో బిడ్డను బడిలో నిలిపే చట్టం లేదు, పనికి పోకుండా ఆపే చట్టమూ లేదు. 3 నుంచి 18 ఏళ్ల వరకు విద్య అందరికీ అందాలని 2020 జాతీయ విద్యావిధానం పేర్కొన్నది. కానీ విధానం వేరు, చట్టం వేరు. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో 25 శాతం మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. చట్టం కాపాడవలసిన వయసులోనే ఆ పరిస్థితి ఉంటే, చట్టం చేయి వదిలిన 15, 16 ఏళ్ల వయసులో ఎవరు మొదట జారిపోతారో వేరే చెప్పనవసరం లేదు.

ఇక మార్గాల విషయానికి వద్దాం. పదవ తరగతిలో ఆరు సబ్జెక్టులు, మొత్తం 600 మార్కులు. ద్వితీయ భాషలో 20, మిగిలిన ప్రతి సబ్జెక్టులో 35 మార్కులు రావాలి. ఒక అమ్మాయి నాలుగింటిలో నెగ్గి, గణితం, సామాన్య శాస్త్రం తప్పిందనుకుందాం. ఆమె ఎదుట ఏ మార్గాలున్నవి?

మొదటిది అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష. ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే, వేసవిలోనే జరుగుతుంది. తప్పిన రెండే వ్రాస్తే చాలు, నెగ్గిన నాలుగూ అలాగే నిలుస్తాయి. ఇందులో నెగ్గితే ఆ సంవత్సరమే ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. అయితే ఫలితాల తరువాత రుసుము చెల్లించడానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఇంట్లో దుఃఖిస్తూ, బిడ్డను నిందిస్తూ గడిపే రోజులు సరిగ్గా అవే. నిందలు ఆపి, ప్రధానోపాధ్యాయుని వద్దకు వెళ్లవలసిన రోజులు కూడా అవే. కొద్ది మార్కులతో తప్పినట్లయితే రీకౌంటింగ్‌కు, రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేసుకునే హక్కు కూడా ఉన్నది.

రెండవది సార్వత్రిక విద్య, అనగా ఓపెన్ స్కూల్. రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం 1991లో ఏర్పడినది. 2008-09 నుంచి పదవ తరగతి, 2010-11 నుంచి ఇంటర్మీడియట్ నడుపుతున్నది. పదవ తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు, గరిష్ఠ వయసు లేదు. తల్లీకూతుళ్లు కలిసి చేరినా అభ్యంతరం లేదు. ఐదు సబ్జెక్టులు పూర్తి చేయాలి. ఒకేసారి అన్నీ వ్రాయనక్కర లేదు. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు ఉంటాయి. సాధించిన ప్రతి సబ్జెక్టూ ఖాతాలో జమ అవుతూ వస్తుంది. ఇదే పద్ధతిలో 1989లో నెలకొన్న జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, ఎన్ఐఓఎస్, దేశమంతటా పనిచేస్తున్నది. బెంగుళూరుకు వలసపోయిన బిడ్డ అక్కడి నుంచే అందులో చేరవచ్చు.

ఇందులో మనం తప్పక తెలుసుకోవలసినది క్రెడిట్ల బదిలీ. గుర్తింపు పొందిన బోర్డు పరీక్షలో లోగడ నెగ్గిన రెండు సబ్జెక్టుల మార్కులను ఓపెన్ స్కూల్‌కు బదిలీ చేయించుకోవచ్చు. మన అమ్మాయి విషయానికి వస్తే, ఐదింటిలో రెండు బదిలీ అవుతాయి, ఇక మూడే వ్రాయాలి. ఆ మూడింటిలో గణితం ఉండి తీరాలన్న నియమం లేదు. గృహ విజ్ఞానం, అర్థశాస్త్రం, వ్యాపార శాస్త్రం వంటివి ఎంచుకోవచ్చు. బదిలీని ప్రవేశ దరఖాస్తులోనే కోరాలి, పాత మార్కుల మెమో చూపాలి. కావున తప్పిన మెమోను కోపంతో చించివేయకండి. అందులో నెగ్గిన మార్కులున్నవి.

అయితే ఒక హెచ్చరిక. సులువని గణితం వదిలివేస్తే పాలిటెక్నిక్ దారి, ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ దారి మూసుకుపోతాయి. బిడ్డ ఏమి కావాలనుకుంటున్నదో అడిగిన తరువాతే సబ్జెక్టులు నిర్ణయించండి.

భాష విషయం కూడా చెప్పాలి. మన ఇళ్లలో అందరి భాషా ఒకటి కాదు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల ఇంటి భాష తెలుగు. మరెన్నో కుటుంబాలది ఉర్దూ. ఓపెన్ స్కూల్‌లో రెండు మాధ్యమాలకూ చోటున్నది. ఉర్దూను ఒక భాషా సబ్జెక్టుగా తీసుకోవచ్చు. మదరసాలో చదివిన పిల్లలకు ఇది ఎంతో మేలు. వారు ఐదవ, ఎనిమిదవ తరగతుల స్థాయి నుంచే మొదలుపెట్టదలిస్తే ఎన్ఐఓఎస్‌లో ప్రాథమిక స్థాయి కోర్సులు కూడా ఉన్నవి.

మూడవ మార్గం చేతిపని నేర్చిన పిల్లలది. ఐటీఐ శిక్షణను పదవ తరగతికి, పన్నెండవ తరగతికి సమానంగా గుర్తించేందుకు 2016లో కేంద్ర శిక్షణ శాఖకూ, ఎన్ఐఓఎస్‌కూ ఒప్పందం కుదిరింది. నేర్చిన పని క్రెడిట్‌గా లెక్కకు వస్తుంది, విద్యార్థి భాషా పరీక్ష వంటివి వ్రాసి పత్రం పొందుతాడు. ఇదే ఆలోచనను 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన జాతీయ క్రెడిట్ విధానం మరింత విస్తరించింది. అందులో 30 గంటల అభ్యాసం ఒక క్రెడిట్. చదువుతో పాటు పనిలో పొందిన నైపుణ్యాన్ని కూడా అది లెక్కిస్తుంది. అమెరికాలో ఇది కొత్త కాదు. అక్కడ ఉన్నత పాఠశాల పూర్తి చేయడమంటే ఒక్క పరీక్షలో నెగ్గడం కాదు, నాలుగేళ్లలో కోర్సు వెంట కోర్సుగా క్రెడిట్లు కూడబెట్టడం. ఒక కోర్సు తప్పితే ఆ కోర్సునే మళ్లీ చదువుతారు. మన ఓపెన్ స్కూల్ అదే న్యాయాన్ని మన పిల్లలకు ఇప్పటికే అందిస్తున్నది.

ఈ మార్గాల పక్కనే మోసగాళ్లూ ఉన్నారు. "పరీక్ష వ్రాయనక్కర లేదు, డబ్బు కట్టండి, సర్టిఫికెట్ ఇంటికి వస్తుంది" అనేవారిని నమ్మవద్దు. గుర్తింపు లేని బోర్డు పత్రం ఉద్యోగంలో చేరిన తరువాత కూడా మనిషిని వీధిన పడవేయగలదు. అధ్యయన కేంద్రానికి స్వయంగా వెళ్లండి, రసీదు తీసుకోండి, రుసుములో స్త్రీలకు, మైనారిటీలకు రాయితీ ఏమున్నదో అడగండి. అలాగే బడిలో నామినల్ రోల్ తయారయ్యే సమయంలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిచూడండి. ఆధార్‌లో ఒక 'షేక్', బడిలో మరొక 'షేక్' ఉంటే పాస్‌పోర్టు దగ్గర బిడ్డ సంవత్సరాలు పోగొట్టుకుంటాడు. పత్రం ముద్రణయ్యాక దిద్దించడం కష్టం, ముందుగా చూడడం సులభం.

ఇవన్నీ కుటుంబం చేయగలవి. సమాజంగా మనం చేయవలసినవి మూడున్నవి. ఒకటి, ప్రతి మొహల్లాలో 14 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండి పదవ తరగతి లేనివారి జాబితా వ్రాయాలి. ఎవరు ఏ సబ్జెక్టులో నెగ్గారో, మెమో ఉన్నదో లేదో అందులో ఉండాలి. రెండు, ఇంటర్, డిగ్రీ చదివిన మన యువతీ యువకులు వారానికి రెండు సాయంత్రాలు గణితం, ఇంగ్లీషు చెప్పాలి. ఆడపిల్లలకు ఆడవారే చెప్పే ఏర్పాటు ఉంటే తల్లులు వెనుకాడరు. మూడు, ప్రభుత్వాన్ని అడగాలి. విద్యాహక్కును పదవ తరగతి దాకా పొడిగించమని, ఉర్దూ బోధించే వారిని ఓపెన్ స్కూల్ అధ్యయన కేంద్రాలలో నియమించమని, పదవ తరగతి తప్పిన ప్రతి విద్యార్థి ఇంటికి ఫలితాల వారంలోనే మార్గాలన్నీ తెలిపే ఉత్తరం పంపమని అడగాలి. ఇది దయాభిక్ష కాదు, పౌరులుగా మన హక్కు.

నీటి విలువ ఈ కరువు నేలకు ఎవరూ నేర్పనక్కర లేదు. చెరువులో సగం నీరే చేరిందని ఎవరూ కట్ట తెంచరు, ఉన్న నీటిని నిలుపుకొని మరో వాన కోసం చూస్తారు. నాలుగు సబ్జెక్టులు నెగ్గిన బిడ్డ విషయంలోనూ ఆ వివేకమే చూపుదాం. ఈ సమావేశం నుంచి వెళ్లిన తరువాత ఇంట్లో ఉన్న పాత మార్కుల మెమోను వెదకి బయటకు తీయండి. తప్పిన అంకెలకన్న ముందు, నెగ్గిన అంకెలు చదవండి. అక్కడి నుంచే మొదలుపెడదాం.