దవడ ఎముకకు దడి

2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయినవి. వాటిని మరల నాటిన రైతులకు ఒక సంగతి తెలియును: చెట్టు పడిన చోటు ఖాళీగా ఉండదు. మొక్క తేరుకొనులోపల కలుపు కమ్ముకొనును. పన్ను ఊడిన చోట జరుగునదియు ఇట్టిదే.

పన్ను పోయిన పిమ్మట దానిని అంటియున్న దవడ ఎముక క్రమముగా క్షీణించును. ఎముక చాలనిచో కృత్రిమదంతమునకు ఆధారమగు టైటానియం ఇంప్లాంటు నిలువదు. ఎముకకు తిరిగి పెరుగు శక్తి కలదు. కాని దాని నడక మందము. చిగురు కణజాలము వడిగా పెరిగి ఆ చోటును ఆక్రమించును. ఈ రెండింటి నడుమ పలుచని పొరను దడివలె కట్టి, ఎముకకు వ్యవధి ఇచ్చుటయే ఈ చికిత్సలోని కీలకము.

1988లో స్వీడన్ దేశమున క్రిస్టర్ డాలిన్, ఆయన సహచరులు ఎలుకల దవడలకు రెండు ప్రక్కల రంధ్రములు చేసి, ఒక ప్రక్క మాత్రము టెఫ్లాన్ పొర కప్పిరి. కప్పిన ప్రక్క కొన్ని వారములలోనే ఎముక పూడుకొనసాగెను. రెండవ ప్రక్క ఎముక దాదాపు పెరుగలేదు.

పొర యెట్లుండవలెను? కణములను ఆపవలెను, పోషకద్రవములను పోనీయవలెను, క్రుంగి ఎముక చోటును అణచరాదు. టెఫ్లాన్ పొర గట్టిగా నిలుచును. కాని మరల కోసి తీయవలెను. పశువుల చర్మాదులనుండి తీసిన కొల్లాజెన్ పొర తానే కరగిపోవును. కాని ముందే కరగినచో పని చెడును. పెద్ద గుంటలకు టైటానియం చట్రముతో బలపరచిన పొరను వాడుదురు.

దడి యెంత మంచిదైనను నేలయు మంచిదై యుండవలెను. మన జిల్లాలో, ముఖ్యముగా స్త్రీలలో, చుట్ట వెలిగించిన కొనను నోటిలోనుంచి పీల్చు అడ్డపొగ అలవాటు చిరకాలముగా ఉన్నది. 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రకటించిన పరిశోధన, దానివలన అంగిలికి కలుగు వికారములను వివరించినది. పొగ రక్తప్రసారమును తగ్గించి గాయమును మాననీయదు; గాయము విచ్చుకొన్నచో పొర బయటపడును. అంగిలిపై తెల్లమచ్చగాని, మానని పుండుగాని కనిపించినచో ఇంప్లాంటు మాట అటుంచి, ముందు దానిని పరీక్ష చేయించవలెను.

ఉద్దానమును పీడించుచున్న మూత్రపిండవ్యాధియు ఎముక పుష్టిని చెరచును. డయాలిసిస్ వేళ రక్తము గడ్డకట్టకుండ హెపారిన్ ఇత్తురు. అందుచే దంతశస్త్రచికిత్సను సాధారణముగా మరునాటికి ఉంచుదురు.

పలాస, టెక్కలి ప్రాంతముల శ్రోతలను మేము కోరునది ఒక్కటే. దంతవైద్యునితో పంటి సంగతి మాత్రమే చెప్పి ఊరకుండరాదు. చుట్ట అలవాటును, మూత్రపిండముల స్థితిని, వాడుచున్న మందులను దాచక చెప్పవలెను. అవి దాచినచో ఎంత వెలగల పొరయు వ్యర్థము కావచ్చును.